మట్టిమిద్దెలోంచి దిగిన తీగ

సోలార్ పలకలు బిగించే పనిలో కష్టమంతా ఎండలో ఉందని చాలామంది అనుకుంటారు. ఎండకు అలవాటు పడవచ్చు. అసలు కష్టం, ఇంటి కప్పుకు ఒక బొక్క పెట్టాలని ఇంటివాళ్లకు చెప్పడంలో ఉంది. నంద్యాలలో మా దుకాణానికి వచ్చేటప్పుడు అందరూ ధైర్యంగానే వస్తారు. పలకలు ఏ దిక్కుకు వాలాలో, ఎంత కరెంటు రావాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. బొక్క మాట ఎత్తగానే మాత్రం, వెలుగోడు మనిషైనా అవుకు మనిషైనా, పళ్ల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలిన ముఖం పెడతాడు. ఇంజనీరింగు కాలేజీలో ఈ ముఖం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఆ ముఖం మా సొంత మేనమామ కూడా పెట్టాడు.

ఆళ్లగడ్డలో మామ ఇల్లు ముందు సగం మట్టిమిద్దె, వెనక సగం సిమెంటు స్లాబు. వెనక సగం పంట బాగా పండిన ఏట కట్టింది. ముందు సగం కూడా కట్టేంత బాగా పంట ఆ తర్వాత పండలేదు. ఆ ముందుగదిలోనే మా అత్త కుట్టుమిషన్లు. ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టిన తర్వాత ఆమెకు మొదటిసారి ఒక బడి యూనిఫారాల పని వచ్చింది. అన్నీ తెల్ల చొక్కాలే. వేసవి మధ్యలో ఫోన్ చేసింది.

"అబ్బోడా, పొద్దుగూకులూ కరెంటు పోతాండాది. కొత్త మిషన్లు మూలకు కూర్చున్యాయి, నేను కాలుమిషను తొక్కి తొక్కి సస్తాండా. బడి తెరిచేలోపల చొక్కాలు ఇయ్యకపోతే పై ఏడు నన్ను పిలిచేవాళ్లు ఉండరు. నువ్వు ఊరందరికీ సోలార్ పెడ్తాండావంట. మేం ఊరోళ్లం కాదా?"

ఆదివారం ప్రార్థన అయిపోయాక వెళ్లాను. పలకలు స్లాబు మీద పెట్టుకోవచ్చు. వాటి నుంచి తీగ ముందుగదిలోని మీటరు దాకా, దాని పక్కన పెట్టే బ్యాటరీల దాకా రావాలి. రెండు పక్కలా గోడలు పక్కింటివాళ్లతో ఉమ్మడి. వీధివైపు దింపుదామంటే స్తంభం తీగలు మిద్దె అంచుకు చేయి చాస్తే అందేంత దగ్గర. మిగిలిన దారి ఒక్కటే, మట్టిమిద్దె.

ఆ మిద్దె ఎక్కి చాలా ఏళ్లయింది. ఎక్కగానే కళ్లు వాటంతట అవే గవాచిని వెతుక్కున్నాయి. గవాచి అంటే వెలుతురు దిగడానికి, పొగ పోవడానికి మట్టిమిద్దె నడుమ వదిలే సందు. వాన వస్తే ఎవరో ఒకరు పైకి పరుగెత్తి దాని మీదికి బండ జరపాలి. అప్పట్లో కింద మిషన్లు లేవు, పొయ్యి ఉండేది. వేసవి సెలవుల్లో నేను బోర్లా పడుకుని గవాచిలో ముక్కు పెట్టి, పొయ్యి మీద ఏముందో వాసన చూసి మిగతా పిల్లలకు ప్రకటించేవాణ్ణి. వంకాయ అయితే ఎవరూ దిగేవాళ్లు కాదు. అత్త కిందనుంచి పప్పుగుత్తి చూపించేది. పెద్దవాళ్లు రహస్యం మాట్లాడుకోవాలంటే గవాచి కిందినుంచి పక్కకు జరిగేవాళ్లు. అది రహస్యమని మాకు తెలిసేది అప్పుడే.

మామ కూడా గవాచినే చూస్తున్నాడు.

"బొక్క యాల? గవాచి ఉండాది గదప్పా. దాంట్లోనుంచి చేదతాడు వదిలినట్టు వదులు."

"అది గాలికీ వెలుతురుకీ మామా, తీగకు కాదు."

"గాలికి పనికొచ్చింది తీగకు పనికిరాదా? ఏందప్పా, నీ తీగ గాలికంటే గొప్పదా?"

ఓపికగా చెప్పాను. ఇంట్లో మామూలు తీగకు మీట నొక్కితే కరెంటు ఆగిపోతుంది. పలకల నుంచి దిగే తీగలో అట్లా కాదు, కింద మీట కట్టేసినా, ఎండ ఉన్నంతసేపూ పైన కరెంటు ఉంటూనే ఉంటుంది. అందుకే అది కప్పు దాటేచోట పైపులో ఉండాలి, చేతికి అందకూడదు, అంచుకు రాసుకుని తొడుగు చిరగకూడదు, వాననీళ్లు దాని వెంట ఇంట్లోకి జారకూడదు అని నిబంధనలు. పైగా మట్టిమిద్దె కడుపులో ఉన్నవన్నీ ఎండుకట్టెలు.

మామ అంతా విన్నాడు. "అంటే ఆపేదానికి మీట ల్యా."

"పొద్దుగూకేదాకా లేదు."

"మీ అత్త మాదిరి."

కింద కాలుమిషను ఆగింది. "ఈడికి ఇనపడతాండాది," అంది అత్త గొంతు గవాచిలోంచి. మళ్లీ మిషను కదిలింది.

దిగి వచ్చాక అత్త తన మాట తను చెప్పింది. "పెట్టు నాయనా, నేను వద్దనను. కానీ ఇవి తెల్లగుడ్డలు. పైనుంచి ఒక్క చుక్క మట్టినీళ్లు పడినా కట్ట కట్టంతా ఎనక్కొస్తాది. అప్పుడు నీ సోలార్‌కు నేను దండేసుకోవల్ల." అప్పటికే తానులన్నీ దూరపు మూలకు చేర్చి, పాత దుప్పటి కప్పి పెట్టింది. మామ మాత్రం బొక్క అన్న మాట విన్నప్పుడల్లా తన నడినెత్తి తడుముకుంటున్నాడు.

మట్టిమిద్దె మీద డ్రిల్లుమిషను పెడితే అదురుకు కింద మన్ను రాలుతుంది. దూలాలకు దూరంగా చోటు చూసుకుని ఉలితో మొదలుపెట్టి, చివరికి చెంచాతో తవ్వాను. నా పట్టా చూసి మురిసిన మామ ఆ చెంచా చూసి ఏమీ అనకపోవడం ఆయన మర్యాద.

పైపొర చౌడు. చౌటి నేలల్లో తెల్లగా తేలే మన్ను అది. మా వైపు తొలకరికి ముందు ఏటేటా మిద్దె మీద చౌడు పోస్తారు. వాన పడగానే బిగుసుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. తవ్వేకొద్దీ గుంత పక్కన గీతలు కనిపించాయి, ఒకటి తెల్లగా, ఒకటి బూడిదరంగులో, ఏటికొక పొర. ఏది ఏ ఏటిదో చెప్పలేను. కొన్నిటిని తొక్కిన కాళ్లలో నావీ ఉన్నాయి. మామ ఎద్దులబండి మీద చౌడు తెచ్చేవాడు. మేం పిల్లలం దాన్ని పరిచే పేరుతో ఒకరి నెత్తిన ఒకరం పోసుకునేవాళ్లం. పని అయ్యాక అత్త బొరుగులు నానేసి ఉగ్గాని చేసేది. తెల్లగా పిండిబొమ్మల్లా వరుసగా కూర్చుని తినేవాళ్లం. ఆ చౌడు రుచి కూడా కొంచెం తెలిసేది. ఇన్నేళ్లలో ఎన్ని ఊళ్లలో ఉగ్గాని తిన్నానో, ఎక్కడా ఆ లోటు తీరలేదు.

పైపు మొదట్లో నీళ్లు నిలవకుండా, నడుమ బొక్క ఉన్న చిన్న బండ కావాలి. ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్లకు కొదవ లేదు, దేశమంతా పోయే దేవుళ్లు అక్కడే తయారవుతారు. వీధి చివరి శిల్పికి కొలత ఇచ్చాను. మరుసటి రోజు వెళితే బొక్క చుట్టూ పద్మం రేకులు చెక్కి పెట్టాడు.

"ఒట్టి బొక్క చాలన్నా గదన్నా."

"ఒట్టి బొక్క ఎట్ల ఇస్తామప్పా? మా చేతిపని అని ఎవురన్నా కనిపెడితే?"

ఆ పద్మంలోంచి ఇనప పైపు దింపాను. పైమూతిని కొంగమెడలా కిందికి వంచాను, వాన చుక్క పైకి ఎక్కదు కాబట్టి. సందులన్నీ పూడ్చాను. తీగను ఎండ తగలకుండా పైపులోనే స్లాబు దాకా తీసుకుపోయాను. మామ చుట్టూ తిరిగి చూశాడు.

"సౌడు ఎయ్యవా?"

"పైపు దగ్గర వద్దు మామా. చౌడు ఇనుమును తినేస్తుంది."

మామ ఊరుకున్నాడు. మామ ఊరుకుంటే ఏదో చేయబోతున్నాడని అర్థం. చిన్నప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలుసు. చదువుకున్నాక మరిచిపోయినవాటిలో ఇదొకటి.

తనిఖీ రోజు కరెంటు ఆఫీసు నుంచి ఏఈ వచ్చింది, చిన్న వయసు అమ్మాయి. ఆమె వెనకే నేనూ మిద్దె ఎక్కాను. పైపు లేదు. పద్మం లేదు. ఆ చోట నడుము ఎత్తు చౌడు కుప్ప ఉంది, నున్నగా మెత్తిన చేతివేళ్ల గుర్తులతో.

"ఇదేందన్నా, పలకలతోపాటు పుట్ట గూడా పెడతారా? నాగులచవితికి పాలు తెచ్చుకోవల్లనా?" అంది ఏఈ.

"పైపు లోపలుండాది తల్లీ," అన్నాడు మామ, తృప్తిగా. "చుక్క దిగదు."

"చుక్కా దిగదు, నా చూపూ దిగదు నాయనా. తీగ ఎట్లుండాదో చూడకుండా సంతకం ఎట్ల పెట్టేది?"

ఆమె కూర్చుని చేత్తో కొంచెం తవ్వింది. కొంగమెడ మూతి నిండా చౌడు కుక్కి ఉంది. మట్టిమిద్దెలో తెరిచిన సందు అంటూ ఉంటే దాన్ని మూయడం మామకు ఊపిరి తీసుకోవడంతో సమానం. తడిసిన చౌడు ఆ మూతిలోంచే లోపలికి జారుతుందని, కుప్ప తీస్తేనే కనెక్షన్ ఇస్తామని ఏఈ చెప్పింది.

"తీస్తే కారుతాది," అన్నాడు మామ. "ఈ మిద్దె మీద సౌడు లేని జాగా ఎప్పుడూ ల్యా."

అప్పుడు చుట్టూ చూశాను. ఉంది. కుప్ప తప్ప మిగతా మిద్దె అంతా బోసిగా ఉంది. ఇప్పుడు చౌడు అమ్మేవాళ్లు లేరు, బండ్లూ లేవు. మామ మిద్దెనంతా గోకి ఆ చౌడు తెచ్చి నా పైపుకు కప్పాడు. నా బొక్క ఒక్కటి కారకుండా కప్పంతా కారేట్టు చేశాడు.

మబ్బులు నల్లమల మీద అప్పటికే దిగుతున్నాయి. కింద చొక్కాలు సగమే అయ్యాయి.

"ఏమయ్యా, ఆ పాప తీయమంటే తీయి!" అంది అత్త కిందనుంచి. "సౌడు నీదే, మిద్దె నీదే. గుడ్డలు మాత్రం నాయి గాదు."

మామ కదల్లేదు. ఏఈ చేతులు దులుపుకుంటూ పద్మం రేకులు బయటపడ్డచోట చూసింది. "ఇది ఏ నిబంధనలోనూ ల్యా గానీ బాగుండాది," అంది. తర్వాత మామ వైపు తిరిగి, "నాయనా, ఈ బండ అంచు దాకా నీ ఇష్టం, ఎంత సౌడన్నా పోస్కో. బండ మీద నా మాట. సరేనా?"

మామ వంగి ఆ అంచును వేలితో తడిమాడు. "అంచు దాకా అంటే, అంచు తగిలీ తగలక?"

"తగలనీ. ఎక్కనీయొద్దు."

ఆ సాయంత్రమే నేనూ మామా నా వ్యానులో చౌడు వెతుక్కుంటూ పోయాం. మునుపు చౌడు తవ్విన నేలలో ఇప్పుడు హద్దురాళ్లు పాతి ప్లాట్లు వేశారు. ఎన్నో దారులు తిరిగాక ఒక వంక గట్టున తెల్లగా కనిపించింది. మామ దిగి చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఇదే," అన్నాడు. పలకలు మోయడానికి కొన్న వ్యాను అంతా తెల్లబడింది. మిద్దె మీద ఆయన పోస్తుంటే నేను ప్యాంటు మడిచి తొక్కాను. మధ్యలో ఆగితే, "తొక్కప్పా ఇంజినీరూ," అన్నాడు. పద్మం అంచు దగ్గర మాత్రం నన్ను రానివ్వలేదు. అక్కడ తనే కూర్చుని వేలితో సర్దాడు, అంచుకు తగిలీ తగలక. ఏఈ మళ్లీ వచ్చి చూసి సంతకం పెట్టింది.

ఆ వారమే మొదటి వాన పడింది. మిషన్లకు చివరి తీగలు బిగించడానికి వెళ్లి నేను అక్కడే ఉన్నాను. ఉరుముకే వీధిలో కరెంటు పోయింది. బ్యాటరీల మీద అత్త మిషను నడుస్తూనే ఉంది. మామ గవాచి బండ జరిపి, తడిసిన తలతో వచ్చి, సరిగ్గా నా పైపు కింద నేల మీద కూర్చున్నాడు. తల పైకెత్తి చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. వాన పెరిగింది. మిద్దె మీద చౌడు మీద పడే వానకు సిమెంటు మీద పడినంత చప్పుడు ఉండదు, ఎవరో మెత్తగా నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో నాకు అప్పుడే తెలిసింది.

అత్త ఒక్కసారి కూడా పైకి చూడలేదు. కుట్టడం అయిన చొక్కాలు బల్ల మీద పట్టక, మడిచిన దొంతరను రెండు చేతులా పట్టుకుని లేచింది. మామ పక్కన, పైపు కింద, పీట వేసి దాని మీద పెట్టింది.

"ఏమే, పైన బొక్కుండాది," అన్నాడు మామ.

"ఉంటే ఉండనీ. నువ్వు కొంచెం జరుగు, నీ తల నుంచి కారుతాండాది."

మామ జరిగాడు. అత్త ఇంకో దొంతర తెచ్చి దాని పక్కన పెట్టింది.