నాయిన గొర్రు తోలిన పొద్దు

నాయినకు నోటి క్యాన్సరు వస్తే పట్నం దవాఖానలో నాలుక సగం తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు, రోజూ మాట్లాడించమని డాక్టరు నాకు చెప్పాడు. బొంబాయి రోడ్డు మీద బస్సులో జహీరాబాద్ చేరేదాకా నాయిన నోరు తెరవలేదు. ఇంట్లోనూ అంతే. చూడడానికి కోహీర్ నుంచి చిన్నాయన వచ్చి, చెవిటివాడితో మాట్లాడినట్టు "జర మంచిగున్నవా అన్నా!" అని అరిస్తే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అంబలి వడగట్టి తాగిస్తూ నేను ఆయన నోటినే చూసేదాన్ని. ఎప్పుడన్నా 'అమ్మా' అని మూలిగితే స్పష్టంగా వినబడేది. 'రొట్టె' అనబోతే మాట నీళ్లలో మునిగినట్టుండేది. ఎందుకలా? అప్పటికి నాకు అక్షరాలు రావు, రాత్రిబడికి పోయింది చాలా ఏళ్లకు. పెరట్లోకి వెళ్లి, నాలుకను వేళ్లతో గట్టిగా పట్టుకుని ఆ రెండు మాటలూ అని చూశాను. పెదాలతోనే అమ్మ వచ్చింది. నాలుక ఆడక రొట్టె రాలేదు. తలెత్తితే నాయిన గడప మీద నిలబడి నవ్వుతున్నాడు.

గాయం మానింది. జొన్నలు విత్తే అదను వచ్చింది. నాయిన విత్తే గొర్రు తోలేవాడు, వెనక నడుస్తూ దాని గొట్టంలో గింజలు పోయడం నా పని. ఆ ఏడు చిన్నాయన ముందే వచ్చి నిలబడ్డాడు.

"నేను తోల్త. నువ్వు గట్టు మీద కూసో అన్నా. ఇగ నీతోని కాదు."

నాయిన పగ్గాలు వదల్లేదు. నాలుకతో టక్కుమనిపిస్తే కదలడం మా ఎడ్లకు అలవాటు. ఇప్పుడా చప్పుడుకు బదులు ఏదో బుసలాంటిది వచ్చింది. ఎడ్లు చెవులు మాత్రం తిప్పాయి.

"నువ్వు కన్నడంల చెప్తే ఎడ్లకు సమజైతదా అన్నా!" అని చిన్నాయన నవ్వాడు.

నాయిన ఎద్దు వీపు మీద అరచేయి వేసి, పెదాలతో "బ్బా" అని తోశాడు. కదిలాయి. ప్రతి సాలు మొదట్లో అలాగే చేశాడు. పొద్దు నెత్తికెక్కేసరికి చేయి అక్కర్లేకపోయింది, "బ్బా" ఒక్కటే చాలింది.

సాలు చివర ఎడ్లు మళ్లేటప్పుడు గింజలు ఆపమని నాకు చెప్పాలి. పోయినేడు దాకా "నిలు బిడ్డా" అనేవాడు. ఇప్పుడు "ఆపు" అన్నాడు. ఆ మాటను ఎప్పుడు ఎంచుకున్నాడో, ఎక్కడ పలికి చూసుకున్నాడో! అడగాలనిపించింది గానీ చేతినిండా గింజలున్నాయి.

నాయిన చేతిలో ఎడ్లను అదిలించే ములుగర్ర కోసం చిన్నాయన చెయ్యి చాచాడు. "అలిసిపోయినవ్, ఇటియ్యి."

"పో," అన్నాడు నాయిన.

అది పక్క చేను వాళ్లకూ స్పష్టంగా వినబడింది.