ఆ బౌలర్ వకాల్తా

మా స్టాఫ్ రూంలో ఒక పాత ఇనుప బీరువా ఉంది. ప్రతి క్రికెట్ సిరీస్‌కీ ముందు దాని తలుపు లోపలివైపు నేనొక కాగితం అంటిస్తాను. ఎడమవైపు టీచర్ల పేర్లు, కుడివైపు ఆటగాళ్ల పేర్లు. ఎవరి పేరుకు ఎదురుగా ఏ ఆటగాడు పడితే ఆ సిరీస్ అయ్యేదాకా అతని వకాల్తా వాళ్లదే. అతను సెంచరీ కొడితే వీళ్లు కాలరెగరేసుకోవచ్చు. సున్నాకి అవుటైతే మర్నాడు మధ్యాహ్నం లేచి నిలబడి అతని తరఫున జవాబు చెప్పాలి. జవాబు పూర్తయ్యేదాకా ఎవరూ క్యారేజీ మూత తీయకూడదు. ఆకలి మీదున్న టీచర్ల ముందు ఒకరి తరఫున వాదించడం ఏమంత సులువు కాదు.

ఈ పద్ధతి పెట్టింది నేనే, కాగితం రాసేదీ నేనే. లెక్కల మాస్టారిని కాబట్టి పంపకం సరిగ్గా చేస్తానని అందరికీ నమ్మకం. అందరికన్నా ఆ నమ్మకం నాకే ఎక్కువ. నాకు నోరు కూడా ఎక్కువే. జగ్గయ్యపేట నుంచి షేర్ ఆటోలో వస్తూ స్పిన్నర్ల గురించి పక్కవాడితో వాదనేసుకుని, చిల్లకల్లు దగ్గర మా స్కూలు దాటిపోయి, హైవే మీద వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి.

సిరీస్ నడుస్తున్నన్నాళ్లూ మా మధ్యాహ్నాలు భలే ఉండేవి. ఒకసారి ఓ కుర్ర బ్యాట్స్‌మన్ ఏదో పార్టీలో నోరు పారేసుకున్న వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అతని వకాల్తా మా సైన్స్ మేడంది. ఆవిడ ఏ మాత్రం తగ్గలేదు. "బయట ఏం చేస్తే మనకెందుకండీ? పేపరు చూసి మార్కులేస్తాం గానీ, ఇంట్లో అమ్మ మాట వింటున్నాడా అని వాకబు చేసి వేస్తామా?" అంది. "ఒళ్లు దగ్గర పెట్టుకోనివాడు ఆటగాడే కాదు మేడం" అన్నాడు పీఈటీ. నా పట్టు వేరే. ఫామ్ పోయిన సీనియర్లను పేరు చూసి ఆడించడం నాకు ఒళ్లుమంట. ఆ మాట ఎత్తితే క్లాసు బెల్లు మోగినా నేను ఆపేవాణ్ణి కాదు.

మా అందరిలో ఆట నిజంగా తెలిసినవాడు సోషల్ మాస్టారు. నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. కాలేజీ రోజుల్లో ఓపెనర్‌గా ఆడాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పర్మిషన్ అడిగి వెళ్లి, మళ్లీ క్లాసు టైముకు ఠంచనుగా వచ్చేసేవాడు. గొంతు పెంచడం ఆయనకు రాదు. బ్యాట్స్‌మన్ గురించి ఆయన చెబుతుంటే మాత్రం నేను కూడా నోరు మూసుకుని వినేవాణ్ణి. అందరం ఓ కొత్త ఓపెనర్‌ని నెత్తిన పెట్టుకున్నప్పుడు, "అతని పరుగులు చూడకండి సార్, ముందు కాలు చూడండి. బాల్ పడకముందే పక్కకు జరిగిపోతున్నాడు. ఇంకో రెండు మ్యాచ్‌లు, అంతే" అన్నాడు. ఆయన చెప్పినట్టే అయింది.

ఆయనకు నేను రాసిన ఆటగాడు ఒక ఫాస్ట్ బౌలర్. ఆ బౌలర్ సంగతి వచ్చేసరికి మాత్రం ఆయన మనిషే మారిపోయేవాడు. మేమందరం మా ఆటగాళ్ల కోసం అబద్ధాలు కూడా ఆడేవాళ్లం. పిచ్ బాలేదనేవాళ్లం, మంచు పడిందనేవాళ్లం, అంపైర్‌కి కళ్లు కనపడవనేవాళ్లం. ఆయన లేచి, "తప్పు అతనిదే సార్. ముందు అతన్ని తీసెయ్యాలి" అని కూర్చునేవాడు. అతను బాగా వేసిన రోజున కూడా, "ఏదో, వికెట్లు కలిసొచ్చాయి" అనేవాడు. అది చూసి నేను మురిసిపోయేవాణ్ణి. "నిష్పక్షపాతం అంటే ఈయన్ని చూసి నేర్చుకోవాలి" అని అందరి ముందూ మెచ్చుకునేవాణ్ణి కూడా. ఆయన తలొంచుకుని క్యారేజీ మూత తీసుకునేవాడు.

పోయిన ఏడాది ఒక మ్యాచ్ చివరి ఓవర్ ఆ బౌలర్ చేతికొచ్చింది. గెలిచే మ్యాచ్. అతను పరుగులిచ్చేశాడు, ఓడిపోయాం. మర్నాడు సోషల్ మాస్టారు సెలవు పెట్టాడు. "వకీలుగారు పరారీ" అని నేను నవ్వించాను. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆయన క్యారేజీ పట్టుకుని స్టాఫ్ రూంలోకి వస్తుంటే, గుమ్మంలోనే అందుకున్నాను.

"రండి రండి! మీవాడు చివరి ఓవర్లో చేసిన నిర్వాకానికి జవాబు చెప్పి మరీ కూర్చోండి."

టీసీ కోసం వచ్చిన ఓ విద్యార్థి తండ్రి అప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా వకాల్తా సంగతి ఆయనకేం తెలుసు? సోషల్ మాస్టారిని ఎగాదిగా చూశాడు. "ఆ బౌలరు ఈ సారు వాళ్ల మనిషాండీ? మరింకేం. ఆళ్లు మనల్నెందుకు గెలిపిస్తారు!" అని నాతో అన్నాడు. పైగా నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా. రోజూ అంత నోరు చేసుకునే నేను, సెలెక్టర్లందరినీ ఉతికి ఆరేసే నేను, ఆ మనిషిని పన్నెత్తి ఒక్క మాట అనలేకపోయాను. సోషల్ మాస్టారు నిలబడే, "తప్పే సార్. ఆ ఓవర్ అలా వెయ్యకూడదు. అతన్ని తీసెయ్యాలి" అన్నాడు. జవాబు అయిపోయింది గనక కూర్చుని క్యారేజీ మూత తీశాడు. ఆయన తీశాక మేమూ తీశాం.

ఆ తర్వాత ఆయన మానేయలేదు, అలగలేదు. రోజూ వచ్చేవాడు, మాతోనే తినేవాడు. క్రికెట్ మాటొస్తే మాత్రం, "మీరే చెప్పండి సార్" అనేవాడు. బ్యాట్స్‌మన్ కాలు గురించి అడిగినా అదే మాట. నాకు మొదట కోపమొచ్చింది. అన్నది ఎవడో బయటివాడు, మా మీద ముభావం దేనికి అనుకున్నాను. ఇంట్లో కూడా అదే సణిగాను.

తర్వాతి సిరీస్‌కి కొత్త కాగితం అంటించబోతే పాతవన్నీ ఒకదాని మీద ఒకటి అట్టకట్టి ఉన్నాయి. అంచు పట్టుకుని లాగితే మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. ఒక్కొక్కటీ విడదీసి చూశాను. పీఈటీకి ఒకసారి కీపర్, ఒకసారి స్పిన్నర్. సైన్స్ మేడంకి ప్రతిసారీ ఎవరో ఒక కొత్తవాడు. సోషల్ మాస్టారికి మాత్రం అన్నింట్లోనూ ఆ బౌలరే. ఒక్క కాగితంలో వేరే పేరుంది. అప్పుడు ఆ బౌలర్‌కి మోకాలి గాయం. బదులుగా నేను రాసిన ఆటగాడూ ముస్లిమే. అంతా నా చేతిరాతే. రాసేటప్పుడు నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించకుండానే ప్రతిసారీ అదే రాశాను. కొత్తది అంటించకుండానే బీరువా మూసి, ఆ పాత కాగితాలు నా సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం జగ్గయ్యపేట ఆటో ఎక్కకుండా ఆయనతో పాటు నందిగామ బస్సెక్కాను. ఆయన ఆశ్చర్యపోయాడు గానీ కిటికీ పక్కకు జరిగి చోటిచ్చాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాగితాలు ఆయన ఒళ్లో పెట్టాను.

"మీకు ఎప్పుడూ అతన్నే రాశానండి. ఇవాళే చూసుకున్నా."

ఆయన వాటిని తిరగేయలేదు. "నాకు తెలుసు సార్" అన్నాడు.

"మరి ఒక్కసారన్నా అడగలేదేంటండీ?"

"చెడ్డగా రాసుంటే మొదటి రోజే అడిగేవాణ్ణి. మీరు ప్రేమగానే రాశారు. దాన్ని ఏమని అడగమంటారు?" అన్నాడు. కాగితాలు మడిచి నా చేతికిస్తూ మళ్లీ తనే అన్నాడు. "మీరు అడక్కముందే నేనే తిట్టేస్తే ఇంకెవరూ ఏమీ అనరని తిట్టేవాణ్ణి సార్. అతను బౌలింగ్‌కి వస్తే నాకు మ్యాచ్ కనపడదు. రేపు ఏం చెప్పాలా అన్న ఆలోచనే. నేను ఒక మ్యాచ్ హాయిగా చూసి చాలా ఏళ్లయింది."

అంతకంటే నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. "ఆ టీసీ ఆయన్ని నేను అడగాల్సింది. అడగలేదు. నాదే తప్పండి" అన్నాను. ఆయన, "ఊ" అన్నాడు. ఫర్వాలేదు అనలేదు. అననందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. నందిగామలో దిగాక ఇద్దరం టీ తాగాం. నా బస్సు వచ్చేదాకా ఆయన ఉన్నాడు గానీ క్రికెట్ మాట ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు కొత్త కాగితం అందరి ముందూ బల్ల మీద పెట్టి, ఎవరికి కావలసినవాణ్ణి వాళ్లే రాసుకోండి అన్నాను. సోషల్ మాస్టారు చాలాసేపు చూసి ఒక ఓపెనర్ పేరు రాసుకున్నాడు. ఆ బౌలర్‌ని నేను తీసుకున్నాను.

రెండో మ్యాచ్‌లోనే అతను మళ్లీ చివర్లో పరుగులిచ్చాడు. మర్నాడు నేను లేచి నిలబడ్డాను. బాల్ తడిసిందన్నాను, ఏదేదో అన్నాను. "కూర్చోండి మాస్టారూ, ఆకలేస్తోంది" అని అందరూ గోల చేశారు. నేనూ నవ్వి కూర్చున్నాను. ఆ బౌలర్ తప్పు నా ఒంటికి ఇసుమంతైనా అంటలేదు. నాకు అది ఉత్త ఆటే.

క్యారేజీల మూతలు తీస్తున్న చప్పుళ్ల మధ్య సోషల్ మాస్టారు, "అతను నిన్న బాగానే వేశాడు సార్" అన్నాడు. అందరం ఆగిపోయాం. "చివరి ఓవర్లో మొదటి నాలుగు బంతులూ యార్కర్లే. బౌండరీ దగ్గరి ఫీల్డర్‌ని లోపలికి తెచ్చిన కెప్టెన్‌ది తప్పు. మీరు సరిగ్గా వాదించలేదు. అతన్ని తీయకూడదు."

ఇన్నేళ్లలో ఆ బౌలర్ గురించి ఆయన నోట ఒక మంచి మాట వినడం నాకు అదే మొదటిసారి.