కొళాయి తిప్పి చూడని గది

కుందారపల్లిలో ఉండే మా అన్న ఏ ఊరికి వెళ్లినా ముందు కొళాయి తిప్పి, నీళ్లు చూసుకున్నాకే గది తీసుకుంటాడు. వదినతో మలేషియా బయలుదేరినప్పుడు కూడా నన్ను హోటల్ బుక్ చేయనివ్వలేదు.

ఈ రోజు మధ్యాహ్నం మత్తిగిరిలో మా ఆఫీసులో అన్నం డబ్బా తెరిచానో లేదో, మలేషియా ఎయిర్‌పోర్టు నుంచి అన్న ఫోన్.

"పాపా, యాడ దిగుతారో అడ్రస్ చూపించమని పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మమ్మల్ని పక్కన నిలబెట్టినారు. మీ వదిన ఏడుస్తా ఉంది."

"చెప్పినాను కదన్నా!"

"తిట్టేది ఆమేల, తీరిగ్గా తిట్టు. ముందు ఏదో ఒకటి చెయ్యమ్మా."

కనిపించిన మొదటి గది బుక్ చేశాను. ఓటీపీ రెండుసార్లు తప్పు కొట్టాను. బుకింగ్ కాగితం వాట్సాప్‌లో పంపి, ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. చివరికి "వదిలినారు" అని ఒక్క మాట వచ్చింది.

ఇక జన్మలో నాతో వాదించడనుకున్నాను. సాయంత్రం వీడియో పంపాడు. హోటల్ బాత్‌రూంలో కొళాయి పూర్తిగా తిప్పి ఉంది, చుక్క నీరు లేదు. వెనక నుంచి అన్న గొంతు: "చూసినావా పాపా, నీ బుకింగు?"

వాట్సాప్‌లో నీలం టిక్కులు పడి, నేను చూసినట్టు అన్నకు తెలిసి గంటయింది. జవాబేం రాయాలో మీరే చెప్పండి.