మా తూర్పు గదికి కారు ఫిల్ము

మా నాన్నగారికి చల్లదనం పిచ్చి. ఏలూరులో పుట్టి పెరిగిన మనిషికి పట్టకూడని పిచ్చి, కానీ పట్టింది. పోనీ ఇల్లయినా బుద్ధిగా కట్టించారా అంటే అదీ లేదు. గాలీ వెలుతురూ ధారాళంగా రావాలని వీధివైపు తూర్పు గదికి గోడంత అద్దాల కిటికీ పెట్టించారు. గాలి సంగతి ఎలా ఉన్నా, వేసవిలో ఎండ మాత్రం ఎనిమిదింటికల్లా చెప్పులతో సహా లోపలికొచ్చి కూర్చునేది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. రెండు వేలు దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఏదో పెళ్ళికి వెళ్ళి, ఆఫీసులో తోటి ఉద్యోగి కారులో తిరిగొచ్చారు. గుండుగొలను దగ్గర ఆయనకి జ్ఞానోదయమైంది. బయట ఎండ మాడ్చేస్తుంటే, అద్దాలకి అంటించిన ఫిల్ము పుణ్యమా అని కారులో హాయిగా ఉందిట. మర్నాడే కారు సామాన్ల కొట్టు నుంచి ఒకతన్ని వెంటబెట్టుకొచ్చారు.

“ఇళ్ళకెప్పుడూ అంటించలేదండీ, కార్లకేనండీ” అని నసిగాడతను.

“కిటికీ అంటే కదలని కారే కదండీ. కానివ్వండి” అన్నారు నాన్నగారు.

అతను సబ్బునీళ్ళు చల్లి, లోపలివైపు నుంచి ఫిల్ము అంటించాడు. లోపలి నుంచి చూస్తే వీధంతా శుభ్రంగా కనిపిస్తోంది. వీధిలోంచి చూస్తే మాత్రం అద్దం కొత్త స్టీలు పళ్ళెంలా మెరుస్తోంది, చూసేవాడి మొహమే వాడికి కనిపిస్తుంది. గది చల్లబడింది, అబద్ధమెందుకు ఆడాలి. ఆ చల్లదనం ఎక్కడ పారిపోతుందోనని నాన్నగారు కిటికీ గడియలకి వైరు చుట్టేసి, పొద్దుగూకేదాకా ఎవరూ తెరవకూడదని శాసనం చేశారు.

ఇంత ఆలోచించిన మనిషి ఆ కిటికీ పక్కన కూర్చునే తన తల్లి సంగతి ఆలోచించలేదు.

మా మామ్మ తెల్లవారుజామునే స్నానం చేసి మడి కట్టుకుంటే మధ్యాహ్నం భోజనాలదాకా మడే. తను ఎవరినీ తాకదు, తనని ఎవరూ తాకకూడదు. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు, గుమ్మం దిగడమే మానేసింది. ఆ కిటికీ దగ్గర పీట వేసుకుని, వత్తులు చేసుకుంటూ ఊరంతా చక్కబెట్టేది. ఎదురింట్లో టైలరు కుటుంబం. ఆ టైలరు తల్లి రోజూ పొద్దున్నే వచ్చి కిటికీ బయట నిలబడేది. ఒకరినొకరు ‘వదినగారూ’ అని పిలుచుకునేవారు. ఏళ్ళ తరబడి స్నేహం, వేలికి వేలు తగిలింది లేదు. కొల్లేటి చేపలు సైకిళ్ళ మీద వచ్చే వేళ కూడా అదే. చేప పేరెత్తితే నోరు పుక్కిలించే మా మామ్మ, కొర్రమీను పులుసులో చింతపండు ఎంత పడాలో వదినగారికి ఉచితంగా సలహాలిచ్చేది.

ఫిల్ము వేశాక వీధి వీధంతా మా కిటికీలో ముస్తాబవడం మొదలుపెట్టింది. చేపలతను మీసం దువ్వుకునేవాడు. కాలేజీ కుర్రాళ్ళు మొటిమలు గిల్లుకునేవాళ్ళు. చివరింటి గుమాస్తాగారు పళ్ళన్నీ బయటపెట్టి పరీక్షించుకునేవారు. లోపల కూర్చుని చూడటం నాకు టిక్కెట్టు లేని సినిమా.

మామ్మ మాత్రం తిండి తగ్గించేసింది. ఎండ దెబ్బేమోనని అమ్మ మజ్జిగ పోస్తూ వచ్చింది. ఏమైందని ఒకరోజు మామ్మని నేనే గట్టిగా అడిగాను.

“ఎదురింటి వదినగారు నాతో మాటలు మానేసిందే. రోజూ వస్తుంది, తిన్నగా నా మొహంలోకి చూస్తుంది, ముసుగు సర్దుకుని వెళ్ళిపోతుంది. పిలిచినా పలకదు. పులుసు గురించేమైనా ఎక్కువ మాట్లాడానంటావా? అన్నట్టు ఆ గుమాస్తాకేం పోయేకాలమే, ఈ వయసులో నన్ను చూసి ఇకిలిస్తాడు?”

పగలబడి నవ్వాను. తలెత్తి చూస్తే ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. బయటివాళ్ళకి అందులో వాళ్ళ మొహమే కనిపిస్తుందని, మూసిన అద్దాల్లోంచి పిలుపు కూడా వినపడదని చెప్పాను. నమ్మలేదు. నా చెయ్యి పట్టుకుంటే మడి పోతుందని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వీధిలోకి వచ్చి నిలబడింది. కిటికీలో తన మొహం చూసుకుంది.

“మరి లోపల నేనున్నట్టు వీళ్ళకెలా తెలుస్తుందే?”

“తెలియదు మామ్మా.”

మళ్ళీ మెట్లెక్కింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ తెచ్చి, కిటికీ అద్దాన్ని బరబరా గీకడం మొదలుపెట్టింది. గడ్డం గీసుకుంటున్న నాన్నగారు సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చారు.

“అమ్మా! ఫిల్మమ్మా అది!”

“నీ ఫిల్ము తగలెట్ట! బతికుండగానే నన్ను మాయం చేసేశావు కదరా!”

పెసరట్టంత మేర ఫిల్ము ఊడొచ్చింది. ఆ చప్పుడుకేనేమో, ఎదురింటావిడ వీధి దాటి వచ్చి ఆ కంతకి కళ్ళానించి లోపలికి చూసింది. చూసి, అక్కడే నిలబడి ఏడ్చేసింది. మామ్మ వైరు తెంపి రెక్క తోసింది.

“ఉన్నారా వదినగారూ! రోజూ వస్తున్నానండీ. చూస్తే నా మొహమే కనపడేదండీ. మీకేదో అయిపోయిందనుకున్నానండీ.”

“మా వాళ్ళనెవరినైనా అడగకపోయారా అండీ?”

“అవునంటారేమోనని భయమేసిందండీ.”

మామ్మ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వంటింటి గుమ్మంలోంచి అమ్మ “అత్తయ్యగారూ, మడి...” అంది. ఆవిడ వెళ్ళాక మామ్మ కిటికీ దగ్గర్నుంచి కదిలింది. మళ్ళీ స్నానం చేస్తుందని అమ్మ నీళ్ళు తోడింది. మామ్మ ఆ నీళ్ళ వంక చూడనైనా చూడలేదు. ఆ చేత్తోనే వెళ్ళి దేవుడికి దీపం వెలిగించింది.