చేతికివ్వని సూది

రామ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చో. పొయ్యి మీద ఏదైనా ఉంటే కట్టేసి రా. గట్టిగా చెప్పే మాట కాదిది. ఒక మనిషికి చేసిన అన్యాయాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకి కూడా తెలీదు. ఎక్కడ మొదలెట్టాలో కూడా తెలియడం లేదు నాకు.

మాది నరసాపురం పక్క. లేసు అల్లే ఇళ్లు మావి. ఐదో క్లాసులో బడి మాన్పించి మా అమ్మ నాకు సూది ఇచ్చింది. ఇచ్చిందంటే చేతికి కాదు. సూదీ ఉప్పూ చేతిలోంచి చేతిలోకి ఇస్తే గొడవలొస్తాయంటారు చూడు, మా ఇంట్లో ఆ పట్టింపు మరీ ఎక్కువ. గుడ్డకి రెండుసార్లు గుచ్చి, జారకుండా పెడితే అవతలి మనిషి తీసుకోవాలి. అలా అల్లీ అల్లీ మా అమ్మకి చూపు మసకేసింది. చివరికి నన్ను గొంతు విని పోల్చుకునేది.

మా ఆయన ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఈ ఊళ్లో, ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేస్తారు. ఫోన్ కార్డు గీకి ఇంటికి మాట్లాడుకునే రోజుల్లో వచ్చాం. ఇక్కడి తెలుగు ఆడవాళ్లకి జాకెట్లు కుట్టేదాన్ని. అందులో ఒకావిడ కూతురు బ్యాలే డాన్స్ నేర్చుకునేది. ఆ స్కూల్లో చేతికుట్టు వచ్చిన మనిషి కావాలన్నారని నన్ను కార్‌లో తీసుకెళ్లింది.

డోరతీ అక్కడే ఉండేది. నేను డోరతమ్మ అనేదాన్ని. తెల్ల జుట్టు, మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండు, కిటికీ పక్క కుర్చీ. ఆ స్కూల్ బట్టలన్నీ ఎప్పట్నుంచో ఆవిడే కుట్టేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇంట్లో కంటే ఆ గదిలోనే ఎక్కువ ఉండేది.

ఆ బ్యాలే గౌను చూసేవాళ్లకి పాలనురుగులా ఉంటుందమ్మా. కుట్టేవాళ్లకి ముళ్లకంప. గరుకు నెట్టు పొర మీద పొర వేసి, ఒక్కో పొరనీ చేత్తో టాకాలు వేయాలి. వేళ్ల చివర్లు పగిలిపోయి అన్నంలో చారు పోసుకుంటే మంట. వంచిన మెడ ఎత్తలేం. తెల్ల గుడ్డ మీద రక్తపు చుక్క పడితే ఎవరి రక్తం వాళ్ల ఉమ్మితోనే పోతుందని డోరతమ్మే నేర్పింది నాకు.

ఆవిడకి చూపు తగ్గిందని నేను తొందరగానే కనిపెట్టాను. మా అమ్మని చూసినదాన్ని, నాకు తెలీదా? సూదిని వెలుతురుకి పట్టుకుని తిప్పుతూ ఉండేది. నేనే దారం ఎక్కించి, గౌను లోపలి గుడ్డకి గుచ్చి ముందు పెట్టేదాన్ని.

“చేతికివ్వచ్చుగా హనీ, నేను కరవనులే,” అనేది.

“హ్యాండ్ టు హ్యాండ్ నో. ఫైట్ కమింగ్,” అనేదాన్ని, నాకొచ్చిన ఇంగ్లీషులో.

పడీ పడీ నవ్వేది. అయితే మనిద్దరికీ పోట్లాటే రాదన్నమాట, అనేది. రాలేదు కూడా.

చలికాలం షో ముందు రోజు ఒకటే హడావుడి. ఒక గౌనుకి హుక్కుల దగ్గర కుట్టు ఊడింది. దారం ఎక్కించిన సూది లోపల గుచ్చి, ఆవిడ ఒళ్లో పెట్టాను. ఇంతలో టీచర్ పిలిచింది, వెళ్లాను. సూది అక్కడుందని డోరతమ్మకి నోటితో చెప్పానా? మా ఊళ్లో ఎవరి పెళ్లికి ఎవరు ఏ చీర కట్టారో ఇప్పటికీ చెప్పగలను. ఆ ఒక్క మాట మాత్రం గుర్తు రాదు. చెప్పలేదనే అనుకుంటాను. తిరిగొచ్చేసరికి గౌను హ్యాంగర్‌కి వేలాడుతోంది. నేను ముందే దారం ఎక్కించి తన దిండుకి గుచ్చిన వేరే సూదితో కుట్టేసింది. నేను తడిమి చూడలేదు.

ఆ గౌను వేసుకున్న పిల్ల స్టేజి మీద నవ్వుతూనే డాన్స్ చేసింది. లోపలికొచ్చాక ఏడ్చింది. నడుము పక్కన గీరుకుపోయి, తెల్ల గుడ్డ మీద ఎర్ర చార.

మర్నాడు టీచర్ సూది తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపలి గుడ్డకి రెండుసార్లు గుచ్చి ఉందంది. ఆ గదిలో అలా గుచ్చేది నేనొక్కదాన్నే.

డోరతమ్మ దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసి, “నాదేనేమో,” అంది.

టీచర్ నా వైపు తిరిగింది. “ఈమధ్య డోరతీకి సరిగ్గా కనిపించడం లేదా?”

“యెస్ మేడమ్. దారం నేనే ఎక్కించి ఇస్తున్నాను.”

చూశావా, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అన్నీ నిజాలే చెప్పి ఆవిడ్ని ఆ కుర్చీలోంచి లేపేశాను. ఎందుకన్నాను? పని పోతుందని భయమా? కిటికీ పక్క వెలుతురు మీద ఆశా? ఆశ ఉండేది, దాచను. లేకపోతే జాలేమో, మా అమ్మతో ఇక చాలు ఆపమని ఎవరూ అనలేదు, ఈవిడకైనా విశ్రాంతి దొరుకుతుందనుకున్నానేమో అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. జాలే అయితే ఆవిడ మొహంలోకి ఎందుకు చూడలేకపోయాను?

టీచర్ పని మాన్పించాక, వెళ్లిపోయే రోజు మణికట్టు దిండు విప్పింది. నాకిస్తుందని చేయి చాపాను. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి, నా వైపు మెల్లగా తోసింది.

“చేతికివ్వనులే హనీ. మనకి గొడవలొద్దుగా.”

నవ్వుతూనే అంది. తెలిసి అందా, తెలియక అందా? సూది నాదని తెలిసే “నాదేనేమో” అందా? తెలిసుంటే ఎందుకు ఊరుకుంది? ఎటు ఆలోచించినా మళ్లీ మొదటికే వస్తాను. ఎక్కడో చెల్లెలి దగ్గరికి వెళ్లిందన్నారు. నేను కనుక్కోలేదు. కనుక్కోవచ్చు. కనుక్కోలేదు.

ఆ కుర్చీలో చాలా కాలం కూర్చున్నాను. ఇప్పుడు నాకూ సూది బెజ్జం కనపడదు. మా ఆయన ఉల్లిపాయల వాసనొచ్చే చేతులతో విసుక్కుంటూ దారం ఎక్కిస్తారు. గుడ్డకి గుచ్చబోతే వద్దంటాను. అరచేయి చాపుతాను.

“గొడవలొస్తాయే,” అంటారు.

“రానీండి,” అంటాను. ఎందుకో ఆయనకి తెలీదు. నీకు తెలుసు ఇప్పుడు.

ఫరవాలేదులే అని మాత్రం అనకు తల్లీ. అనాల్సిన మనిషివి నువ్వు కాదు. విన్నావు, అంతే చాలు నాకు. మీ ఇంటిల్లిపాది కళ్లూ కడదాకా చల్లగా ఉండాలి. గొడవలొస్తే రానీ, మీ ఇంట్లో ఏదైనా ఒకరి చేతిలోకి ఒకరు ఇచ్చుకునేలా ఉండాలి.