పొడి ఒళ్ళు, కోడి ఈక

నా మనవరాలు పొద్దున్నే ముఖం కడుక్కుని, కాసేపాగి పల్చని కాగితం అద్దుకుని వెలుతురుకు పెట్టి చూస్తుంది. తనది జిడ్డు చర్మమో, పొడి చర్మమో తెలుసుకోవాలట. చూసుకోనీ. మా ఇంట్లో ఈ పరీక్ష జరిగిన నాడు వాకిట్లో బండి కట్టి ఉంది.

అవి యుద్ధం రోజులు. మాది పాన్‌గల్ పక్క పల్లె. నా భార్య మానవపాడు నుంచి కాపురానికి వచ్చిన తొలి చలికాలం. ఆమె మోచేతి కింద తెల్లటి మచ్చ లేచి పొట్టు రాలుతుంటే మా మేనత్త కంట పడింది.

"ఇది పెద్దరోగం. కృష్ణ దాటించి తల్లిగారింట్ల దించి రాండ్రి" అంది.

నాయనకు అక్క మాటంటే మాటే. బండి కట్టించాడు. కుష్ఠు పేరుతో పంపిన ఆడది మళ్ళీ కాపురానికి రాదు. పుట్టింటివాళ్ళయినా ఊరి బయట గుడిసె వేసి ఉంచాల్సిందే.

"ఒళ్ళు ఎసొంటిదో చూడకుండనే పంపుతరా?" అని నేను అడ్డం పడ్డాను.

అమ్మ కోడలి చేతులు శనగపిండితో కడిగి, నూనె తగలనీయకుండా ఆరనిచ్చి, గోటితో గీసింది. తెల్లటి గీత పడింది. తన చేతి మీదా గీసుకుంది. అదీ తెల్లనే.

"పొడి ఒళ్ళు. చలికి పగిలింది, గంతే."

"గీత గాదు, మచ్చ సంగతి జూడు. రోగమైతే తాకినా తెల్వది. ఈక తే" అంది మేనత్త.

నాయన ఎదురుగా కూర్చున్నాడు. నా భార్య కళ్ళకు కొంగు కట్టారు. అమ్మ కోడి ఈకతో మచ్చ మీద రాసి, "తెలుస్తుందా బిడ్డా?" అనడిగింది.

జవాబు లేదు. మళ్ళీ రాసింది. లేదు.

"చూసిన్రా!" అంది అత్త. నాయన లేచి బండి తోలడానికి చర్నాకోల అందుకున్నాడు.

అమ్మ మూడోసారి ఈక రాసినప్పుడు నా భార్య కాలి వేళ్ళు ముడుచుకోవడం చూశాను. అప్పుడు తట్టింది. మా ఇళ్ళలో కొత్త కోడలు మామ ముందు నోరు విప్పకూడదు, తలైనా ఊపకూడదు. వచ్చిన నాటి నుంచి నాయన ఆమె గొంతే వినలేదు.

"నాయినా, నువ్వు జర అవుతలికి పో. నువ్వుంటే ఆమె ఎట్ల మాట్లాడ్తది?"

"ఓహో! పెండ్లామంటే గింత పావురమా!" అంది అత్త. నాయన మాత్రం ఒక్క క్షణం నన్ను చూసి, గడప దాటాడు.

అమ్మ ఈక ఆనించిందో లేదో, "ఈడ, అత్తా! ఈడనే. చక్కిలిగిలి అయితుంది" అంటూ నా భార్య బావురుమంది. మేనత్త నమ్మక మచ్చ మీద తుమ్మముల్లు గుచ్చింది. నా భార్య వేసిన కేక బయట ఎద్దులకు కూడా వినబడింది.

ఆ కేక విని నాయన తానే ఎద్దులను విప్పాడు. అమ్మ ఆముదం గిన్నె తెచ్చి కోడలి చేతులకు రాయసాగింది.

మేనత్త ముల్లు విసిరేసి లేచింది. "ఇంతసేపు నోట్ల నాలుక లేదా? మొదలే చెప్పొద్దా?"

మామ ముందు నోరు మెదపొద్దని నా భార్యకు నేర్పింది ఈ మేనత్తే. అరవై ఏళ్ళకు పైగా అయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.