ఏడు మొలలు, ఒక పొగాకు డబ్బా

నిన్న మా నస్పూర్ ఇంటికి రంగులు వేస్తున్న పెయింటర్ వంటింటి గోడ దగ్గర ఆగి, "కాకా, గీ మొలలు పీకెయ్యాల్నా? ఏడున్నయ్. ఒక్కోదానికి గీ బిళ్ళలేంది?" అని అడిగాడు. "చెయ్యి పెట్టకు!" అని అరిచాను. నా అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను. పాపం, అతను బ్రష్షు కింద పెట్టి, పోయి చాయ్ తాగి వచ్చాడు. అతనికి చెప్పలేకపోయిన సంగతి మీకు చెబుతాను.

నేను బొగ్గుబాయిలో, కార్మికులకు తల దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేసేవాణ్ణి. కిందికి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను బోర్డు మీది నుంచి తీసుకుపోవాలి, పైకి వచ్చాక మళ్ళీ తన మొలకు తగిలించాలి. షిఫ్టు అయిపోయినా మొల ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. "మా తమ్ముడు ఎన్కనే వస్తుండు, ఆని బిళ్ళ నేను పెడ్త తియ్" అని ఎవడైనా చెయ్యి చాపితే తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవాణ్ణి. నా నోటికి జడిసి మేనేజర్లు కూడా పక్కగా నడిచేవారు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, ఆ గొప్ప ఎట్లా దిగిపోయిందో చెప్పడానికే ఇదంతా.

నేను రిటైరైన ఏడాదే ఆరేళ్ళ మనవరాలికి రక్త క్యాన్సర్ అని తేలింది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. కోడలూ నేనూ పిల్లను ఎత్తుకుని మంచిర్యాలలో రైలెక్కి హైదరాబాదు ఆస్పత్రికి తిరిగాం. అక్కడి డాక్టరమ్మ పొద్దున పిల్లల్ని చూసేది, మధ్యాహ్నం ల్యాబులో కూర్చునేది. ఒకే మందు వాడిన పిల్లల్లో కొందరికే జబ్బు ఎందుకు తిరగబెడుతోందన్నది ఆమె ఏళ్ళ తరబడి చేస్తున్న పరిశోధన. సూదులన్నీ అయ్యాయి, జుట్టు మళ్ళీ మొలిచింది, పిల్ల గంతులేస్తోంది, హమ్మయ్య అనుకున్నాం. అప్పుడామె, "అసలు జాగ్రత్త ఇప్పుడే. ఇంక రెండేండ్లు రోజూ గోలీలు. ఒక్కరోజు తప్పొద్దు" అంది. అదెంత పని! ఇంటికొచ్చి గోడకు ఏడు మొలలు కొట్టాను, వారానికి ఏడు. పాత బిళ్ళలు సంపాదించాను. పిల్ల గోలీ మింగాకే ఆ రోజు బిళ్ళ తగిలించాలి. ఫోటో చూసి డాక్టరమ్మ మురిసిపోయింది, మిగతా తల్లిదండ్రులకూ చూపించింది. నేను మీసం దువ్వుకున్నాను.

సాయంత్రం కోడలు ట్యూషన్లు చెప్పే వేళకు గోలీ వేయడం నా పని. ఒకరోజు పిల్ల భళ్ళున కక్కుకుని, నా మెడ పట్టుకుని, "తాతా, ఇయ్యాల ఒక్కరోజు వద్దే" అని ఏడ్చింది. బాయిలో ఎవరి మాటా వినని మొండివాణ్ణి, కరిగిపోయాను. గోలీని నా పొగాకు డబ్బాలో వేసుకుని, బిళ్ళ తగిలించాను. తర్వాత వారానికి ఒకటి, ఆ తర్వాత రెండు. వాటిని పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. డబ్బా నా జేబులోనే ఉండేది, నడిస్తే గలగలమనేది.

నెల తిరిగి వెళ్ళినప్పుడు రిపోర్టు చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది. తెల్లకణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువున్నాయట. "మందు సరిపోతలేదేమో, పెంచుత. ఎందుకైనా మంచిది, తుంటి ఎముకల మళ్ళా సూది వేసి చూద్దాం. జబ్బు తిరగబెట్టిందేమో" అంది. సూది అనగానే పిల్ల నా వేలు గట్టిగా పట్టుకుంది. కోడలు ఏడుపు ఆపుకుంటూ, "మా మామ ఒక్కరోజు తప్పలే మేడమ్. బిళ్ళలు నేను రోజు చూస్త" అంది. గలగలమనకుండా జేబులోని డబ్బాను అదిమి పట్టుకుని నేను అడిగాను:

"పెంచితే ఏమైతది మేడమ్?"

"ఎక్కువైతే కణాలన్నీ పడిపోతయ్. అప్పుడు జ్వరమొస్తే పిల్లను కాపాడుడు కష్టం" అంటూ ఆమె చీటీ మీద పెన్ను పెట్టింది. ఛీ, నా బతుకు! ఆ పెన్ను కదులుతుంటే నేను ఆలోచించింది కోడలి ముందు పోబోయే నా పరువు గురించి. చీటీ సగం రాయడం అయ్యాక గాని డబ్బా తీసి బల్ల మీద బోర్లించలేకపోయాను.

కోడలు నా వైపు చూడకుండానే పిల్లను నా ఒళ్ళోంచి తీసుకుంది. డాక్టరమ్మ చీటీ చింపేసింది. తిడితే బాగుండేది. "మందు పనిచేస్తలేదా, అసలు లోపలికే పోతలేదా అని ఇన్నేండ్లు పిల్లల రక్తంల ఎతుకుతున్న. మీ తీరుగ గోలీలు తెచ్చి బల్ల మీద పెట్టినోళ్ళు లేరు" అంది. చీటీ ముక్కలు బుట్టలో వేస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు, "తప్పు మాది గూడ ఉంది. అన్నీ వేసిన్రా అని అడుగుతం. లేదని ఎవరంటరు?" అంది. సూది ఆపింది. వాంతికి మందిచ్చి, గోలీలు పాత మోతాదులోనే వేయమంది. ఆ నెలంతా నాకు అన్నం సయించలేదు. నెల తర్వాత కణాలు దిగివచ్చాయి.

అప్పటి నుంచి ఆ గదిలో ప్రశ్న మారింది. ఓసారి మేము బయట బెంచీ మీద ఉండగా పెద్దపల్లి బట్టల వ్యాపారి ఒకాయన కొడుకుతో లోపలికి పోయాడు. "ఈ నెల ఎన్నిసార్లు తప్పినయ్?" అని డాక్టరమ్మ అడిగింది. "మూడు తప్పినయ్ మేడమ్. జర పరేషానీల ఉంటిమి" అని ఆయన మాట వినిపించింది. ఆమె పరిశోధన ఏ పుస్తకాల్లో అచ్చయిందో నాకు తెలియదు గాని, ఆ మూడు గోలీల మాట బయటికి రావడం నా చెవులతో విన్నాను. పక్కనున్న కోడలు ఆ రోజే మళ్ళీ నాతో మాట్లాడింది.

గోలీలు వేసే పని మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. రెండేళ్ళు నిండిన రోజున ఏడో బిళ్ళను నా చేతిలో పెట్టి, "మీరే పెట్టుండ్రి మామా" అంది. ఏడో మొలకు తగిలించాను. ఆ బిళ్ళలను తర్వాత ఎవరూ తీయలేదు. మనవరాలిప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. పెయింటర్ సంగతి ఫోనులో చెబితే పడీ పడీ నవ్వింది.

అతను మొలల చుట్టూ జాగ్రత్తగా రంగు వేసి పోయాడు. ఇన్నేళ్ళయినా పొద్దున లేవగానే ల్యాంపు రూములో నిలబడ్డట్టే ఆ గోడ ముందు నిలబడతాను. ఏడు మొలలూ నిండుగా ఉంటాయి, మా పిల్ల పైకి వచ్చేసింది.